ఎండ చప్పుడు

చెవి వెనక యంత్రం తీసేశాక కూడా ఏదో వినపడుతోందని రాజ్యం టీచరు చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. కొత్తగా చెవులు వచ్చిన మనిషికి లేనిపోనివి వినపడటం మామూలేనని కొడుకు శ్రీహరి అనుకున్నాడు. కోడలు హైమ కూడా అలాగే అనుకుంది. ఆ చెవిని తయారుచేసిన వాళ్ళలో హైమ ఒకతె.

రాజ్యం టీచరు కాకినాడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. మైదానం ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర గోడ మీద కూర్చున్న పిల్ల ఉలిక్కిపడి దిగేది. అలాంటి మనిషికి ఉద్యోగం చివరి రోజుల్లో మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గాని రెండు చెవులూ పోయాయి. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగం ఎముకలా గట్టిపడిపోయిందనీ, అందరికీ అమర్చే యంత్రం తీగ దూరడానికి అందులో సందు లేదనీ డాక్టర్లు చెప్పేశారు.

హైమ ఆ ఇంటికి కోడలుగా వచ్చేసరికే అత్తగారికి వినపడదు. అందువల్ల ఇల్లేమీ నిశ్శబ్దంగా ఉండేది కాదు. మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. జవాబులు మాత్రం ఫోన్లో రాసి చూపించాలి. అత్తాకోడళ్ళ మధ్య పెద్ద తగువులు రాకపోవడానికి అదొక కారణమని శ్రీహరి అంటూ ఉండేవాడు. కోపంలో టైపు చేస్తే తప్పులు పడతాయి, అవి దిద్దుకునేలోగా కోపం తగ్గిపోతుంది.

హైమ ఊరి చివర ఒక పరిశోధనాశాలలో పనిచేసేది. ఆమె పని బంగారంతో. నగలు చేసే బంగారం కాదు. వెంట్రుక మందాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉండే నలుసులు. ఒక ఆదివారం భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని బొమ్మలు గీస్తుంటే అత్తగారు వచ్చి వెనక నిలబడింది.

"ఇదేవిటే అమ్మాయ్, బంగారం మీద పని అన్నావు. రేడియో మెకానిక్కులా కాయిళ్ళూ కండెన్సర్లూ గీస్తున్నావు?"

హైమ నవ్వి, నానబెట్టిన శనగలు ఏడు తీసి పళ్ళెంలో పెట్టింది. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. ఫోన్లో రాసింది. "ఇంత చిన్న బంగారం మీద వెలుగు పడితే అది రేడియోలో కాయిల్‌లా పనిచేస్తుంది. రెండు నలుసుల మధ్య సందు కండెన్సర్‌లా పనిచేస్తుంది. రేడియో ఒక స్టేషన్ని పట్టినట్టు, ఈ గుంపు ఒక్క రంగు వెలుగునే పడుతుంది."

రాజ్యం టీచరు రెండు శనగల్ని వేలితో దూరంగా జరిపింది. "ఇలా జరిపితే?"

"వేరే రంగు పడుతుంది. ఏ గుంపు ఏ రంగు పడుతుందో పెద్ద కంప్యూటర్లు వారాల తరబడి లెక్క కట్టేవి. నేను సర్క్యూట్ గీసి పూటలో చెప్పేస్తాను."

"పిల్లలు చేతులు పట్టుకుని వలయం కట్టినట్టన్నమాట. దగ్గరగా నిలబడితే ఒక ఊపు, చేతులు చాపి నిలబడితే ఇంకో ఊపు." ఆవిడ ఒక శనగ నోట్లో వేసుకుంది. "సరే, పట్టుకుని ఏం చేస్తుంది?"

హైమ రాసింది. "ఆ గుంపుల్ని చెవి నరానికి అతికిస్తే, ఒక్కొక్క రంగుతో ఒక్కొక్క పోగును తట్టి లేపొచ్చు. ఒక్కొక్క పోగుదీ ఒక్కొక్క స్వరం."

రాజ్యం టీచరు ఆ మాట రెండుసార్లు చదివింది. "ఎవరి చెవి నరానికి?" అని అడిగింది.

చెవి ఆపరేషన్లు చేసే డాక్టర్ మెహరున్నీసా ఆ పరిశోధనలో హైమకు జోడీ. ఆవిడ చిన్నప్పుడు రాజ్యం టీచరు దగ్గర ఖోఖో ఆడిన పిల్లే. ఇంటికి వచ్చి, ఇందులో జరగరానిది జరిగే అవకాశం ఎంత ఉందో దాచకుండా చెప్పింది. మనుషుల్లో ఇదే మొదటిసారి అని చెప్పింది. శ్రీహరి వద్దన్నాడు. రాజ్యం టీచరు కొడుకు వైపు చూడకుండా, "మెహర్, నువ్వు పరిగెత్తేటప్పుడు కింద చూసుకునేదానివి కాదు. చేతులన్నా జాగ్రత్తగా ఉంటాయా?" అంది.

"చేతులు జాగ్రత్తేనండి టీచర్‌గారూ."

"అయితే పెట్టెయ్."

బంగారు గుంపులు కలిపిన ద్రవాన్ని సన్నటి సూదితో నరం దాకా పంపారు. చెవి వెనక ఎముకలో పెసరగింజంత గాజు కిటికీ అమర్చారు. దాని మీద అతుక్కునే చిన్న యంత్రం బయటి శబ్దాల్ని విని, వాటిని కంటికి కనపడని, ఎరుపుకు అవతలి వెలుగులుగా మార్చి కిటికీలోంచి లోపలికి పంపుతుంది. నరం మీది గుంపులు దేని రంగును అది పట్టుకుంటాయి.

గాయం మానాక ఒక మధ్యాహ్నం యంత్రం పెట్టారు. మెహర్ హైమను ముందుకు తోసింది. హైమ అత్తగారి ఎదుట నిలబడి, "అత్తయ్యగారూ, కాఫీ తాగుతారా?" అంది.

రాజ్యం టీచరు కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. "నీ గొంతు ఇదా?" అంది. "ఇంత సన్నవా? ఇన్నాళ్ళూ నేను దిట్టమైన గొంతు అనుకున్నానే."

"బాగాలేదా అండి?"

"ఇంకేదైనా మాట్లాడు."

హైమకు ఏడుపొచ్చేసింది. రాజ్యం టీచరు ఆమె గడ్డం పట్టుకుని, "ఏడుపు కూడా సన్నగానే ఉంది," అంది.

ఆ తర్వాతి నెలలు ఆ ఇంట్లో పండగలా గడిచాయి. ఆవిడ కూరలమ్మే మనిషితో బేరాలాడింది. పాత శిష్యురాళ్ళకు ఫోన్లు చేసింది. కోడలి గొంతు చాలదన్నట్టు రోజూ పొద్దున్న పేపరు చదివించుకుంది. హైమ వార్తలు చదువుతుంటే పక్కన కూర్చుని వార్త వినకుండా గొంతు వింటూ ఉండేది. మధ్యలో, "ఇప్పుడేం చదివాను, చెప్పండి?" అని హైమ అడిగితే, "ఏదో రోడ్డు వేస్తారట," అనేది. ఏ రోజైనా ఎక్కడో ఒకచోట రోడ్డు వేస్తారు కాబట్టి ఎప్పుడూ తప్పు పోలేదు.

యంత్రం తీసేశాక వినపడే చప్పుడు గురించి ఆవిడ చెప్పింది అప్పుడే. తలస్నానం చేసి, యంత్రం పక్కన పెట్టి, జుట్టు ఆరబెట్టుకోవడానికి డాబా మీదకి వెళ్తే దూరంగా తిరునాళ్ళలో జనం ఉన్నట్టు ఒక హోరు. లోపలికి వస్తే ఆగిపోతుంది. మూడోసారి చెప్పేసరికి హైమ చేతిలో పని వదిలేసి వచ్చింది. అత్తగారి కళ్ళకు తువ్వాలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ తెర ఒకసారి తీసింది, ఒకసారి వేసింది.

"ఇప్పుడు వచ్చింది. పోయింది. ఇప్పుడు సగం వచ్చింది. సగం తీశావా?"

హైమ నిజంగానే సగం తీసింది.

ఎండలో ఎరుపుకు అవతలి వెలుగు బోలెడంత ఉంటుంది. యంత్రం లేనప్పుడు అది గాజు కిటికీలోంచి నేరుగా వెళ్ళి నరం మీది గుంపులన్నిటినీ ఒకేసారి మోగిస్తోంది. హైమకు విషయం అర్థమైంది. మనిషి పుట్టాక ఎండను విన్న మొదటి మనిషి, తువ్వాలు కట్టుకుని తన ఎదురుగా కూర్చుని ఉంది.

అప్పట్నుంచి రాజ్యం టీచరు రోజులో చాలాసేపు డాబా మీదే గడిపేది. కిందకి వచ్చి కబుర్లు చెప్పేది. పొద్దుటి ఎండ నోరు మూసుకుని రాగం తీస్తున్నట్టు ఉంటుందట. పదింటికి తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టు, మిట్టమధ్యాహ్నం పిండిమర పక్కన నిలబడినట్టు ఉంటుందట. మబ్బు వస్తే ఎవరో తలుపు దగ్గరగా వేసినట్టు ఉంటుందట. వీధి మొదట్లో ఇస్త్రీ బండి మీద బొగ్గులు గుసగుసలాడతాయట. "మన ట్యూబులైట్లు మాత్రం మూగవే. పాత బల్బు ఒకటి కొనరా," అని శ్రీహరికి చెప్పింది. అతను ఊరంతా తిరిగి పాత రకం బల్బు వెతికి తెచ్చాడు. ఆవిడ దాని కింద కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకునేది.

"నువ్వు డాబా మీదకొస్తే నాకు తెలిసిపోతుంది," అని ఒకరోజు హైమతో అంది. "నీ నీడ నా మీద పడగానే ఎండ గొంతు తగ్గిస్తుంది, పెద్దవాళ్ళెవరో వచ్చినట్టు."

ఇదంతా వర్షాలు తగ్గి ఎండలు మళ్ళీ ముదురుతున్న రోజుల్లో. ఒక ఉదయం వంటింట్లో అత్తగారు యంత్రం పెట్టుకుని చారుకి చింతపండు పిసుకుతోంది. హైమ వెనక నుంచి, "అత్తయ్యగారూ, కుక్కరు దించెయ్యనా?" అంది. జవాబు రాలేదు. మళ్ళీ అడిగింది. ఆవిడ కదల్లేదు. అంతలో హాల్లోంచి శ్రీహరి, "అమ్మా, నా తువ్వాలేదే?" అన్నాడు.

"దండెం మీదుందిరా," అంది రాజ్యం టీచరు వెంటనే.

హైమ ఎదురుగా వెళ్ళి నిలబడింది. గొంతు తీయకుండా, పెదాలు మాత్రం కదిపింది. 'ఎండ ఎలా ఉంది ఇవాళ?'

"ఇంకా లేతగానే ఉందమ్మాయ్," అంది ఆవిడ చక్కగా.

హైమ స్టవ్వు ఆపేసింది. "నేను గొంతు తియ్యలేదు అత్తయ్యగారూ," అని ఫోన్లో రాసి చూపించింది.

రాజ్యం టీచరు చింతపండు చెయ్యి కడుక్కుంది. కొంగుకు తుడుచుకుంది. "కొన్నాళ్ళయింది," అంది చివరికి. "ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత కుక్కరు విజిలు. నీ గొంతు కొంచెం కొంచెం పలచబడుతూ వచ్చింది. ఇన్ని నెలలు వింటూ చూస్తూ నీ పెదాలు నాకు అలవాటయ్యాయి కదా. నెట్టుకొస్తున్నాను."

"చెప్పొచ్చు కదండీ. పేపరు కూడా వింటున్నారు కదా రోజూ."

"చదువుతుంటే నీ మొహం బాగుంటుందే."

ఆ రోజే మెహర్ దగ్గర పరీక్షలు చేశారు. పై స్వరాలన్నీ పోయాయి. కింది స్వరాలు పదిలంగా ఉన్నాయి. హైమ ల్యాబులో తలుపు వేసుకుని తన సర్క్యూట్ బొమ్మల ముందు కూర్చుంది. నలుసుల్ని గుంపుగా పట్టి ఉంచేవి ప్రొటీన్ దారాలు. ఆమె బొమ్మలో ఆ దారాలు కదలవు. సందులు మారవు. యంత్రం పంపే వెలుగు మినుకు మినుకుమంటూ వస్తుంది కాబట్టి అది నిజమే. కాని ఎండ ఆగకుండా మోగిస్తుంది. మోగుతున్న కొద్దీ బంగారం వెచ్చబడుతుంది, దారాలు ముడుచుకుంటాయి, సందు తగ్గుతుంది. నలుసులు ఒకదాన్నొకటి తాకిన రోజున కండెన్సరే ఉండదు, ఆ గుంపు చచ్చినట్టే. అందరికంటే సన్నటి సందులున్న గుంపుల్ని పై స్వరాలకు కేటాయించింది హైమే. అవి ముందుగా పోయాయి. ఎండ ఇలాగే పడితే మిగతావీ వరసగా పోతాయి. పోయినవి మళ్ళీ రావు.

సాయంత్రం శ్రీహరి కూడా ఉండగా హైమ సంగతంతా రాసి చూపించింది. నోటితో చెప్పలేదు. చెప్పినా సగం అందదు.

శ్రీహరి తల్లి చెవి వెనకున్న యంత్రాన్ని చూపించి, "ఇంక ఇది తియ్యకమ్మా. అంతే," అన్నాడు.

"నువ్వు ఊరుకోరా," అంది రాజ్యం టీచరు. కోడలి వైపు తిరిగింది. "నాకు మాటలు చాలా ఏళ్ళు వినపడ్డాయే. జ్వరం రాకముందు ఊరంతా వినే కదా బతికాను. మాటలు లేకుండా కూడా కొన్నేళ్ళు బతికాను, నువ్వు రాసి చూపిస్తే చదువుకున్నాను. ఎండ మాత్రం ఎవరూ వినలేదు. నాక్కూడా మళ్ళీ రాదు. ఉన్నన్నాళ్ళు విననీ."

హైమ మొహం ఎర్రబడింది. ఫోను బల్ల మీద పెట్టేసి, పెదాలు స్పష్టంగా కదుపుతూ, "అయితే నా గొంతు పోయినా మీకు ఫర్వాలేదా?" అంది.

పెళ్ళయ్యాక అత్తగారితో ఆమె అంత నిష్ఠూరంగా మాట్లాడటం అదే మొదలు. రాజ్యం టీచరు లేచి వెళ్ళి తన గదిలో కూర్చుంది. శ్రీహరి తల్లి గదికీ భార్యకీ మధ్య రెండుసార్లు తిరిగి, బజారుకెళ్ళి ఇద్దరికీ ఇష్టమైన కాజాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరూ ముట్టలేదు.

హైమకు ఆ పట్టుదల చెడ్డదిగా తోచలేదు. అదే ఆమెను బాధపెట్టింది. తానే ఆ చోట ఉంటే ఏం చేసేది? మర్నాడు మెహర్‌తో అదే అంది. మెహర్ తాను ఏం చేయగలదో చెప్పింది. గాజు కిటికీ తీసేసి, యంత్రం పంపే రంగుల్ని మాత్రమే లోపలికి వదిలే పూత వేసిన గాజు పెట్టొచ్చు. అప్పుడు యంత్రం తీసి ఎండలో కూర్చున్నా ఎండ వినపడదు. వరసలో ఉన్న మిగతా రోగులకు మొదట్నుంచీ అదే పెడతారు. "టీచర్‌గారి విషయం మాత్రం ఆవిడే చెప్పాలి. మనం ఒత్తిడి చెయ్యకూడదు," అంది మెహర్.

హైమ ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు రాసి చూపించింది. చివర ఇంకో వాక్యం రాసింది. "నిన్న అలా అన్నందుకు ఏమీ అనుకోకండి. మీరు ఎటు అంటే నేను అటు."

రాజ్యం టీచరు అది చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంకో ఒక్క పొద్దు వింటే ఏం పోతుంది, లెక్క కట్టి చెప్పు," అంది.

హైమ కట్టింది. నీరెండ కాబట్టి ఎక్కువ పోదు. పోయే ఆ కాస్తా తన గొంతులో అత్తగారికి ఇంకా వినపడే అంచు. అదీ రాసింది, దాచలేదు.

"నీ గొంతు ఇప్పుడు ఎంత వినపడుతోందో తెలుసా? గోడకవతల ఎవరో మాట్లాడుతున్నట్టుంది. ఆ గోడ ఇంకా లేపుకోమంటావా?" అంది రాజ్యం టీచరు. "వద్దులే. మెహర్‌కి చెప్పు, వస్తున్నానని. ఒకటి మాత్రం ఖాయంగా రాయండి మీ రిపోర్టులో. ఎండ వినపడుతుందని. తర్వాత వచ్చేవాళ్ళని అడిగి గాజు పెట్టండి, అడక్కుండా పెట్టకండి."

"రాస్తాం," అంది హైమ. మెహర్ కూడా తర్వాత ఒప్పుకుంది.

ఆపరేషన్‌కు ముందురోజు తెల్లవారుతుండగా రాజ్యం టీచరు కోడల్ని లేపి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళమంది. స్కూటర్ మీద వాకలపూడి వైపు వెళ్ళారు. ఆవిడ యంత్రం తీయలేదు. హైమ రెండుసార్లు తిరిగి చూసుకుంది. చెవి వెనక యంత్రం ఉంది, దాని మీద గుడ్డ ముక్క కూడా అంటించుకుంది ఆవిడ.

ఇసుకలో కూర్చున్నాక, "నేను వినడానికి రాలేదు. నీకు వినిపిద్దామని వచ్చాను," అంది.

నీళ్ళ అంచు మీద సూర్యుడు కొంచెం తేలగానే ఆవిడ పెదాలు మూసుకుని సన్నగా రాగం మొదలుపెట్టింది. ఆవిడకు పాట రాదు. శ్రుతి అటూ ఇటూ పోతోంది. ఐనా సూర్యుడు ఎంత పైకి వస్తే అంత గొంతు పెంచింది. సగం బింబం పైకి వచ్చాక నోరు తెరిచింది. మధ్యలో చిన్న మబ్బు తునక అడ్డం వస్తే, కళ్ళతో చూసి, గొంతు దించి, అది తొలగాక మళ్ళీ ఎత్తింది. పక్కనే వల దులుపుతున్న ఇద్దరు మనుషులు ఆగి చూశారు. ఆవిడ వాళ్ళని పట్టించుకోలేదు. హైమ మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, సూర్యుణ్ణి చూడటం మానేసి అత్తగారిని చూస్తూ కూర్చుంది.

బింబం పూర్తిగా లేచాక రాజ్యం టీచరు దగ్గింది. "ఇలా ఉంటుంది. సుమారుగా," అంది. "ఇంతకంటే బాగుంటుంది. నాకు రాలేదు."

"బాగుందండి," అంది హైమ. ఆవిడకు వినపడలేదేమోనని చేతిలో చెయ్యి వేసి నొక్కింది.

కొత్త గాజు పెట్టారు. ఆవిడ ఇంటికొచ్చాక డాబా మీదకి వెళ్ళింది. యంత్రం తీసి, ఎండలో కాసేపు నిలబడి, దిగి వచ్చింది. పాత బల్బు తీయించేసింది. కొన్ని రోజులు భోజనం సగంలో లేచిపోయేది. హైమ ఆ రోజుల్లో పేపరు చదవడం మానలేదు. చదువుతూ కావాలని తప్పులు కలిపేది. సముద్రం మీద తారు రోడ్డు వేస్తున్నారని చదివినా అత్తగారు తలాడించేది.

ఒక సాయంత్రం ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "ఈ సన్నటి పీచు గొంతుతో ఎన్నాళ్ళు చదువుతావే? నాకు కింది స్వరాలున్నాయి. నువ్వే కిందకి దిగి రావాలి. గొంతుతో కాదు, పొట్టలోంచి మాట్లాడాలి. లే, పద."

ఇద్దరూ ఆవిడ పాత స్కూలుకు వెళ్ళారు. బడి వదిలాక పిల్లలు కొందరు మైదానంలో ఖోఖో ఆడుకుంటున్నారు. రాజ్యం టీచరు హైమను గేటు దగ్గర నిలబెట్టి, వీపు నిటారుగా ఉంచమని, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి ఊపిరి అక్కడికి తీయమని చూపించింది. తర్వాత నడుచుకుంటూ మైదానం రెండో చివరికి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడింది.

మొదటిసారి హైమ గొంతు ఎప్పటిలాగే సన్నగా పోయింది. ఆవిడ కదల్లేదు. రెండోసారి దగ్గొచ్చింది. పిల్లలు నవ్వారు. రోజూ సాయంత్రం వెళ్ళారు. ల్యాబులో సహోద్యోగులు హైమకు జలుబు చేసిందా అని అడిగారు. శ్రీహరి, ఇంట్లో ఇద్దరు డ్రిల్లు టీచర్లు తయారయ్యారని మెహర్‌కు ఫోన్ చేసి చెప్పుకున్నాడు.

ఒక శుక్రవారం హైమ సిగ్గు పక్కన పెట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, పొట్టలోంచి ఊపిరి తీసి, "అత్తయ్యగారూ," అని పిలిచింది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

మైదానంలో ఆడుకుంటున్న పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ కాళ్ళు దగ్గరకు చేర్చి నిటారుగా నిలబడిపోయారు. దూరంగా గోడ దగ్గర రాజ్యం టీచరు వెనక్కి తిరిగింది.

"వస్తున్నానే," అంది. "అంత అరవాలా?"